బుధవారం కట్టిన ఊరు: మార్కెట్ డ్రేటన్

ఇంగ్లండ్ పశ్చిమాన, వేల్స్‌కు సరిహద్దు జిల్లా అయిన ష్రాప్‌షైర్‌లో, టెర్న్ అనే చిన్న నదికి ఎగువన ఒక మిట్ట మీద మార్కెట్ డ్రేటన్ అనే పట్టణం ఉంది. జనాభా 12,000కు అటూ ఇటూ. ఊరి పేరును మన భాషలోకి దించుకుంటే ‘సంత డ్రేటన్’ అవుతుంది. మనకు సంతమాగులూరు, సంతనూతలపాడు, సంతబొమ్మాళి ఎలాగో వారికి ఇది అలాగ. పర్యాటకులకు ఈ ఊరిని పరిచయం చేసేవారు సాధారణంగా రెండు విషయాలు చెబుతారు. ఒకటి ఇక్కడి జింజర్‌బ్రెడ్, రెండవది ఇక్కడి బడిలో చదువుకున్న రాబర్ట్ క్లైవ్. రెండూ నిజమే. అయితే ఈ ఊరి వీథులు ఇలా ఎందుకు ఉన్నాయి, చుట్టుపక్కల ఇన్ని పల్లెలుండగా ఇదొక్కటే పట్టణం ఎందుకైంది అని అడిగితే ఆ రెండింటి దగ్గరా జవాబు దొరకదు. జవాబు 1245లో ఒక రాజు రాసి ఇచ్చిన బుధవారంలో ఉంది.

మనకు సంత అన్నది మొదట ఒక అలవాటు. నాలుగు ఊళ్ళవాళ్ళు వారానికొకసారి ఒకచోట చేరతారు, ఆ తరువాత ఎప్పటికో ఆశీలు వేలంపాట వస్తుంది. మధ్యయుగాల ఇంగ్లండ్‌లో ఈ క్రమం చాలావరకు తిరగబడి ఉండేది. అక్కడ సంత అన్నది ముందుగా ఒక హక్కు, భూమిలాగే వారసత్వంగా సంక్రమించే ఆస్తి. ఫలానా వారం, ఫలానా చోట సంత జరుపుకోవచ్చునని రాజు సనదు ఇస్తాడు. ఆ సనదు పొందిన భూస్వామి అంగళ్ళ మీద ఆశీలు వసూలు చేసుకుంటాడు, తూనికలూ కొలతలూ పరీక్షిస్తాడు, తగాదాలు తీరుస్తాడు. సంతల్లోనూ తిరునాళ్ళలోనూ వచ్చే తగాదాలను అప్పటికప్పుడే తేల్చే న్యాయస్థానాలకు ‘దుమ్ము కాళ్ళ’ అనే అర్థం వచ్చే ఫ్రెంచి మాట నుంచి పేరు వచ్చింది, ఎందుకంటే అక్కడ వాదులూ ప్రతివాదులూ దారిన పోయే వర్తకులే, తీర్పు కోసం నెలల తరబడి ఆగలేనివారే. 13వ శతాబ్దంలో ఇలాంటి సనదులు వందల సంఖ్యలో వెలువడ్డాయి. ఇచ్చినందుకు రాజుకు రుసుము, పుచ్చుకున్నందుకు భూస్వామికి ఏటేటా రాబడి.

డ్రేటన్‌కు ఆ సనదు ఇచ్చినవాడు మూడవ హెన్రీ. తెచ్చుకున్నది కాంబర్‌మియర్ మఠం. ఊరు అంతకు ముందు నుంచే ఉంది. విజేత విలియం 1086లో చేయించిన భూముల లెక్కలో ఇది ‘డ్రైట్యూన్’ అన్న పేరుతో కనిపిస్తుంది. బరువులను ఈడ్చుకుంటూ తీసుకుపోయే చోటున్న ఊరు అని ఆ పాత మాటకు అర్థం చెబుతారు, నది నుంచి మిట్ట ఎక్కే దారిని చూసినవారికి ఆ అర్థం సబబుగానే తోస్తుంది. ఇక మఠం సంగతి. కాంబర్‌మియర్ సన్యాసులు సిస్టర్షియన్ శాఖకు చెందినవారు. జనసంచారానికి దూరంగా, సొంత చేతులతో సేద్యం చేసుకుని బతకాలన్నది ఆ శాఖ నియమం. ఆ నియమం పాటించవలసిన మఠాధిపతే సంతకు యజమాని కావడం, వీథులకు ఇరువైపులా ఇళ్ళ స్థలాలు కొలిపించి నగదు అద్దెలకు ఇవ్వడం మధ్యయుగాల మఠాల చరిత్రలో అరుదేమీ కాదు గాని, తలచుకుంటే నవ్వు వస్తుంది. గొర్రెల ఉన్ని అమ్మినా సంత ఆశీలు తీసుకున్నా చేతికి వచ్చేది వెండి నాణెమే కదా అని వారు సమాధానపడి ఉంటారు.

సంత ఎక్కడ పెట్టాలన్నదానికి ఒక లెక్క ఉండేది, ఈ వ్యవహారమంతటిలోకీ చక్కగా అర్థమయ్యే భాగం అదే. 13వ శతాబ్దపు న్యాయవేత్త బ్రాక్టన్ చెప్పిన ప్రకారం మనిషి ఒక రోజులో 20 మైళ్ళు నడవగలడు. ఆ రోజును మూడు వాటాలు చేస్తే ఒక వాటా సంతకు పోవడానికి, ఒక వాటా కొనుగోళ్ళకూ అమ్మకాలకూ, మూడవ వాటా దొంగల భయం లేకుండా వెలుతురుండగానే ఇల్లు చేరడానికి. అంటే నడకకు చిక్కేది 20 మైళ్ళలో మూడో వంతు, 6⅔ మైళ్ళు, మన లెక్కలో సుమారు 10.7 కిలోమీటర్లు. ఉన్న సంతకు అంతకంటే దగ్గరలో ఇంకొకడు కొత్త సంత పెడితే పాత యజమాని నష్టపోతాడు కాబట్టి న్యాయస్థానానికి ఎక్కవచ్చు. ఈ సూత్రం ఇంగ్లండ్ న్యాయశాస్త్రంలో నేటికీ చెల్లుబాటులో ఉంది. ఆదివారపు సంతల మీద పురపాలక సంస్థలు వేసిన దావాల్లో మన కాలంలోనూ ప్రస్తావనకు వచ్చింది.

ఇప్పుడు పటం తీసి డ్రేటన్ చుట్టూ ఉన్న పాత సంత పట్టణాలను చూడండి. దక్షిణాన న్యూపోర్ట్, వాయవ్యాన విట్‌చర్చ్, ఉత్తరాన నాంట్‌విచ్, ఈశాన్యాన న్యూకాసిల్ అండర్ లైమ్. ఒక్కొక్కటీ సుమారు 11 నుంచి 14 మైళ్ళ దూరంలో ఉంది. ఇటు 6⅔, అటు 6⅔ కలిపితే 13⅓. ఏ అధికారీ పటం ముందు పెట్టుకుని ఈ ఊళ్ళను పేర్చలేదు. దగ్గర దగ్గరగా పుట్టిన సంతలు ఒకదానినొకటి మింగగా, 14వ శతాబ్దపు మహామారి జనాన్ని తుడిచిపెట్టినప్పుడు బలహీనమైనవి మూతపడగా, ఒక రోజు నడకకు సరిపడే ఎడంలో ఉన్నవి మిగిలాయి. సనదు తెచ్చుకుని కూడా పల్లెలుగానే ఉండిపోయిన ఊళ్ళు ఇంగ్లండ్ నిండా ఉన్నాయి. డ్రేటన్ నిలిచింది, బుధవారం సంత ఈనాటికీ బుధవారమే జరుగుతున్నది.

ఊళ్ళో నడిచేటప్పుడు ఈ చరిత్ర కాళ్ళ కిందే ఉంటుంది. వీథుల పేర్లు చూడండి: చెషైర్ వీథి, ష్రాప్‌షైర్ వీథి, స్టాఫర్డ్ వీథి. మూడు జిల్లాల పల్లెలు మూడు దిక్కుల నుంచి వచ్చి కలిసే చోటు ఇది అని పలకల మీదే రాసి ఉంది. ఇళ్ళ ముఖాలు ఇరుకుగా ఉండి, స్థలాలు వెనక్కి పొడుగ్గా సాగిపోవడం మధ్యయుగపు పట్టణ స్థలాలకు గుర్తు. వీథి మీద ముఖం ఎంత వెడల్పో సంతరోజు వ్యాపారానికి అంత విలువ కాబట్టి, అందరికీ తలా కొంచెం వీథిని పంచి, కొలిమీ పశువుల పాకా కూరల మడీ వెనక్కి నెట్టేశారు. తరువాత ఇళ్ళు ఎన్నిసార్లు కూలి లేచినా స్థలాల హద్దులు మాత్రం పెద్దగా కదలలేదు.

ఇళ్ళు కూలడానికి అన్నిటికంటే పెద్ద కారణం 1651 నాటి అగ్నిప్రమాదం. ఒక రొట్టెల బట్టీలో మొదలైన మంట చెక్క చట్రాల ఇళ్ళ మీదుగా పాకి ఊరిలో ఎక్కువ భాగాన్ని బూడిద చేసింది. పదిహేనేళ్ళ తరువాత లండన్ మహానగరాన్ని కాల్చిన మంట కూడా రొట్టెల బట్టీలోనే పుట్టింది. ఇప్పుడు పర్యాటకులు ఫోటోలు తీసుకునే నల్లటి దూలాల, తెల్లటి గోడల ఇళ్ళలో చాలావాటిని ఆ ప్రమాదం తరువాత తిరిగి కట్టారు. ఊరి నడుమ ‘బటర్‌క్రాస్’ అనే స్తంభాల మండపం ఉంది. దానిని 1842లో కట్టారు. సుడిగాలి వానలో తడవకుండా పల్లెల ఆడవాళ్ళు వెన్న, గుడ్లు, జున్ను అమ్ముకోవడానికి వేసిన నీడ అది. పైకప్పు మీద ఒక గంట వేలాడుతుంటుంది, మళ్ళీ మంటలు లేస్తే ఊరిని లేపడానికి. ఆడంబరం ఏమాత్రం లేని ఆ కట్టడం కింద నిలబడి చూస్తే నాలుగు వైపులా తెరిపి, నెత్తిన కప్పు, వెన్న కరగనంత చల్లదనం. ఇంతకంటే సంతకు కావలసిందేమీ లేదు.

ఊరికి ఒక పక్క, నది వైపు వాలు మీద సెయింట్ మేరీ చర్చి ఉంది. 12వ శతాబ్దపు ఆనవాళ్ళున్న ఆ చర్చి గోపురం మీదనే క్లైవ్ కథ మొదలవుతుంది. చర్చి పక్కన ఉన్న పాత గ్రామర్ స్కూలును 16వ శతాబ్దం నడుమ సర్ రోలండ్ హిల్ అనే వర్తకుడు స్థాపించాడు; పక్క ఊరైన హాడ్నెట్‌లో పుట్టి లండన్ మేయరైన వాడు ఆయన. క్లైవ్ 1725 సెప్టెంబరు 29న డ్రేటన్‌కు సుమారు మూడు మైళ్ళ దూరంలోని మోర్టన్ సే గ్రామంలో, స్టైచ్ అనే కుటుంబ ఎస్టేటులో పుట్టాడు. పాతదైన కుటుంబమే గాని చేతిలో డబ్బు ఆడని కుటుంబం. పిల్లవాడు మూడు నాలుగు బడులు మారాడు, వాటిలో ఈ స్కూలు ఒకటి. అతడు చర్చి గోపురం ఎక్కి, వాననీరు పోయే రాతి తూము మీద గుర్రమెక్కినట్లు కూర్చున్నాడనీ, ఊళ్ళోని ఆకతాయి పిల్లలను దండుగా కూడగట్టి, అంగళ్ళ అద్దాలు పగలకుండా ఉండాలంటే ఆపిల్ పళ్ళూ చిల్లరా ఇచ్చుకోవాలని దుకాణదారుల దగ్గర మామూళ్ళు దండాడనీ చెబుతారు. ఈ రెండు కథలూ ఊళ్ళో ఎప్పటి నుంచో ఉన్నవే. ప్రపంచమంతటా తెలిసింది మాత్రం 1840లో మెకాలే క్లైవ్ మీద రాసిన వ్యాసంతో, అంటే సంఘటన జరిగిన నూరేళ్ళకు. పెద్దయ్యాక ఏమి చేశాడో తెలిసినవారు చిన్నప్పటి అల్లరిలో దాని జాడలు వెతకడం లోకంలో ఉన్నదే కాబట్టి, గోపురం ఎంత ఎత్తుందో చూసుకుని కథను కథగా వినడం మంచిది.

అయితే క్లైవ్ పెద్దయ్యాక చేసిన పనుల్లో ఒకటి మనకు కథ కాదు. ప్లాసీ అనగానే బెంగాలే గుర్తుకొస్తుంది గాని, తెలుగు కోస్తా చేతులు మారడం వెనుకా ఆయన నిర్ణయమే ఉంది. 1758లో విజయనగరం రాజు ఆనంద గజపతి ఫ్రెంచివారి మీద సాయం కోరినప్పుడు, బెంగాల్‌లో ఉన్న క్లైవ్ కర్నల్ ఫోర్డ్‌ను సేనతో పంపాడు. ఆ డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారు ఓడారు. 1759 ఏప్రిల్‌లో బందరు కోట పడిపోయింది. 1765లో క్లైవ్ మొగలు చక్రవర్తి షా ఆలం దగ్గర బెంగాల్ దివానీతో పాటు ఉత్తర సర్కారులకు కూడా ఫర్మానా రాయించుకున్నాడు. మరుసటి ఏడాది నిజాముతో ఒడంబడిక కుదిరింది. ఆయన కొడుకు ఎడ్వర్డ్ క్లైవ్ 1798 నుంచి 1803 వరకు మద్రాసు గవర్నరు. 1800లో నిజాం నుంచి దత్తమండలాలు కంపెనీకి వచ్చిందీ, 1802లో సర్కారు జిల్లాల్లో శాశ్వత శిస్తు పద్ధతి కింద జమీందారీలు స్థిరపడిందీ ఆయన హయాంలోనే. తండ్రీ కొడుకుల సంతకాల కింద మన జిల్లాల భూములు నలభై ఏళ్ళలో యజమానులు మారాయన్నమాట. గోపురం మీది రాతి తూము కథ కంటే ఒక తెలుగు సందర్శకుడు ఇక్కడ గుర్తుంచుకోదగినది ఇదని నాకనిపిస్తుంది.

ప్లాసీ తరువాత క్లైవ్‌కు అందిన సొమ్ము 2,34,000 పౌండ్లు, దానిపైన ఏటా 27,000 పౌండ్ల జాగీరు. అందులో కొంత పెట్టి స్టైచ్ భవనాన్ని తిరిగి కట్టించాడు. ఇప్పుడది ప్రైవేటు నివాసం కాబట్టి సందర్శకులకు ప్రవేశం లేదు. చూడగలిగింది మోర్టన్ సేలోని సెయింట్ మార్గరెట్ చర్చి. 1774 నవంబరులో లండన్‌లో చనిపోయిన క్లైవ్‌ను తెచ్చి ఇక్కడే పూడ్చారు. ఆత్మహత్యేనన్న మాట అప్పటి నుంచీ ఉంది. సమాధి ఎక్కడో తెలిపే గుర్తు లేదు, గోడకు ఒక చిన్న ఫలకం మాత్రం ఉంది. దాని మీద ‘ప్రైమస్ ఇన్ ఇండిస్’ అనే లాటిన్ మాట చెక్కారు, ఇండియాలో ప్రథముడు అని. జిల్లా కేంద్రమైన ష్రూస్‌బరీ నడిబజారులో మాత్రం 1860లో నిలిపిన నిలువెత్తు విగ్రహం ఉంది. 2020లో దానిని తొలగించాలని వేల సంతకాలతో అర్జీలు వచ్చాయి; జిల్లా కౌన్సిల్ 28–17 ఓట్లతో ఉంచాలనే తీర్మానించింది.

జింజర్‌బ్రెడ్‌కూ క్లైవ్‌కూ ముడిపెట్టే వారున్నారు. ఇండియా నుంచి మసాలాలు తెచ్చినవాడు క్లైవ్, మసాలాలతో చేసేది జింజర్‌బ్రెడ్, కాబట్టి అని వారి తర్కం. వినడానికి బాగుంటుంది గాని నిలబడదు. శొంఠి ఇంగ్లండ్ వంటిళ్ళకు మధ్యయుగాల నుంచే తెలుసు. డ్రేటన్‌లో జింజర్‌బ్రెడ్ తయారీకి దొరికే తొలి దాఖలా 1793 నాటిది, అంటే క్లైవ్ పోయిన పందొమ్మిదేళ్ళకు. ఆ కాలానికి ఇంగ్లండ్‌లో వాడే శొంఠిలో చాలా భాగం, తీపి కోసం కలిపే బెల్లపు పాకం దాదాపు అంతా కరిబియన్ దీవుల నుంచి, బానిసల చెమటతో వచ్చేవి. అలా చూస్తే ఈ తినుబండారం వెనుక సామ్రాజ్యం లేకపోలేదు, ఉన్న దిక్కే వేరు. ఇక్కడి జింజర్‌బ్రెడ్ మెత్తటి కేకు కాదు. వేళ్ళలా పొడుగ్గా, గాళ్ళు గాళ్ళుగా ఉండి, విరిస్తే టప్పున విరిగే గట్టి బిస్కట్టు. 1817 నుంచి బిల్లింగ్టన్ పేరుతో అమ్ముడైన రకం అన్నిటికంటే ప్రసిద్ధం. దానిని పోర్ట్ అనే తియ్యటి ద్రాక్షసారాలో ముంచుకుని తినడం ఊరి పద్ధతి. మనం టీలో రస్కు ముంచినట్టే అనుకోవచ్చు, కాకపోతే ముంచిన వెంటనే శొంఠి ఘాటు ముక్కుకు తగులుతుంది, ముక్క మెత్తబడడానికి రస్కు కంటే ఎక్కువసేపు పడుతుంది. సన్యాసుల సంతకూ ఈ బిస్కట్టుకూ ఉన్న సంబంధం తిన్ననిది: నెలల తరబడి చెడిపోని తీపి వస్తువు దూరం నుంచి నడిచి వచ్చే సంత జనానికి సరైన సరుకు.

ఊరి తూర్పు అంచున కాలువ ఉంది. 1826లో అనుమతి పొంది 1835లో పూర్తయిన ఈ కాలువకు ఇంజనీరు థామస్ టెల్ఫర్డ్. అది తెరుచుకోవడం చూడకుండానే, 1834లో ఆయన చనిపోయాడు. అప్పటికి రైళ్ళ పోటీ కనుచూపు మేరలోకి వచ్చింది. అందుకే పాత కాలువల్లా మిట్టల చుట్టూ వంకర్లు తిరగకుండా, మిట్టను కోసి, పల్లాన్ని పూడ్చి గీత గీసినట్లు తవ్వించాడు. ఊరికి దక్షిణాన వుడ్‌సీవ్స్ దగ్గర కొండను నిలువునా కోసిన కందకం మైలున్నర పొడవుంటుంది. రెండు వైపులా తడిసిన రాతి గోడలు, వాటి నిండా ఫెర్న్ ఆకులు, పైన కొమ్మలు కలిసిపోయి పట్టపగలే చీకటి. రాళ్ళు జారిపడే చోటు కాబట్టి పడవలు నడకకంటే నెమ్మదిగా సాగాలి. ఆ చీకటి దాటగానే టిర్లీ వద్ద వరుసగా ఐదు లాకులు. గోదావరి, కృష్ణా కాలువల లాకులు చూసినవారికి పద్ధతి కొత్త కాదు; ఇక్కడి విశేషం ఇరుకుదనం. లాకు వెడల్పు ఏడడుగులే, పడవ వెడల్పూ దాదాపు అంతే. పడవ లోపలికి దూరాక పక్కన అరచేయి పట్టే సందు ఉండదు. పడవవాడే దిగి, సొంత చేతి మరతో తూము తలుపు ఎత్తుతాడు. నీళ్ళు సుడులు తిరుగుతూ దిగువకు పోతుంటే పాచి పట్టిన గోడలు మెల్లగా పైకి లేస్తున్నట్లు కనిపిస్తుంది. అలా ఐదుసార్లు, మొత్తం సుమారు 33 అడుగులు దిగితే డ్రేటన్. సరుకు రవాణా ఏనాడో ఆగిపోయింది, ఇప్పుడు తిరిగేవన్నీ విహారపు పడవలే. ఒడ్డున కాలిబాట ఉంది, పడవ లేనివారికి ఊరి నుంచి అరగంట నడక.

రైలు 1863లో వచ్చి 1963లో ప్రయాణికులకు మూతపడింది, సరిగ్గా నూరేళ్ళు. చుట్టూ పచ్చిక బయళ్ళు కాబట్టి పాడి మాత్రం మిగిలింది. పశువుల వేలంపాట నేటికీ సాగుతుంది, దేశమంతా తినే ముల్లర్ పెరుగు డబ్బాల కర్మాగారం ఈ ఊళ్ళోనే ఉంది. శివార్లలోని ఫోర్డ్‌హాల్ సేంద్రియ పొలం కథ ఇంకా చెప్పుకోదగినది. కౌలుకు సాగుచేస్తున్న కుటుంబం ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు, 2006లో సుమారు 8,000 మంది తలా 50 పౌండ్ల వాటాలు కొని పొలాన్నే కొనేశారు. ఎవరూ లాభం పంచుకోని ఆ వాటాలతో అది ఇంగ్లండ్‌లో తొలి ప్రజా యాజమాన్యపు పొలమైంది. సందర్శకులకు నడక దారులూ భోజనశాలా ఉన్నాయి.

పరిసరాల్లో మరి మూడు చోట్లు. తూర్పున బ్లోర్ హీత్ మైదానంలో 1459 సెప్టెంబరు 23న, ఇంగ్లండ్ సింహాసనం కోసం రెండు రాజవంశ శాఖల నడుమ సాగిన గులాబీల యుద్ధాల్లో తొలి పెద్ద పోరాటాలలో ఒకటి జరిగింది. రాణి పక్షపు సేనాని ఆడ్లీ ప్రభువు అక్కడే కూలాడు, ఆయన పేరిట ఒక రాతి శిలువ పొలంలో నిలిచి ఉంది. రాణి మార్గరెట్ పక్క ఊరి చర్చి గోపురం ఎక్కి ఓటమి చూసి, గుర్రానికి నాడాలు తిరగేసి కొట్టించుకుని పారిపోయిందన్నది జనశ్రుతి. నైరుతిన హాడ్నెట్ హాల్‌లో 60 ఎకరాల తోట, వరుస చెరువులతో. ఆ ఊరి చర్చికి పూజారిగా ఉన్న రెజినాల్డ్ హీబర్ తరువాత కలకత్తా బిషప్ అయి, 1826లో తిరుచిరాపల్లిలో చనిపోయాడు. ఇంకొంచెం ముందుకు పోతే హాక్‌స్టోన్ పార్కు: 18వ శతాబ్దంలో హిల్ వంశీయులు కొండ చరియల్లో తవ్వించిన గుహలు, కృత్రిమ శిథిలాలు, ఇరుకు మెట్లు. మోకాళ్ళు బాగున్నవారు సగం రోజు కేటాయించుకోవాలి.

డ్రేటన్‌కు రైలు లేదు కాబట్టి క్రూ, స్టోక్ లేదా ష్రూస్‌బరీలో దిగి రోడ్డు మీద రావలసి ఉంటుంది. ఏ రోజు రావాలో 1245లోనే తేలిపోయింది. పొద్దున్నే వస్తే చెషైర్ వీథిలో అంగళ్ళు నిండుగా కనిపిస్తాయి. మధ్యాహ్నం దాటాక వచ్చినవారికి డేరాల కర్రలు విప్పి వ్యానుల్లోకి ఎక్కించడమే కనిపిస్తుంది, ఎందుకంటే ఇక్కడి వర్తకులు నేటికీ వెలుతురుండగానే ఇల్లు చేరాలనుకుంటారు.